నాకు పిల్లలు పుట్టరని నేనే చెప్పాను

నా మందులు పూర్తయి అయిదేళ్ళు కావస్తోంది. ఇప్పుడు సాయంత్రాలు జ్వరం రావడం లేదు. పొత్తికడుపులో ఆ లాగుడు నొప్పి లేదు. ఆకలి వేస్తోంది, అన్నం రుచిగా ఉంటోంది. ఇంత బాగున్నాక పాత సంగతులు తవ్వుకోవడం ఎందుకని మా ఆయన అంటారు. రాసి పెట్టుకుంటే నా మనసు కుదుటపడుతుందని నాకు అనిపిస్తోంది. పైగా ఎక్కడో ఏ దవాఖానా వరండాలోనో కొంగు చాటున ముఖం దాచుకుని కూర్చున్న ఆడమనిషికి ఇది చేరితే, నేను పోగొట్టుకున్నన్ని ఏళ్ళు ఆమె పోగొట్టుకోకుండా ఉంటుంది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నర్సు శిక్షణ ముగించిన ఏడాదే, 1967లో, నాకు పెళ్ళయింది. మా ఆయన రామారావు పట్నంలో, సనత్‌నగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. బోరబండలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. కొద్ది నెలలకే నాకు పట్నం పొలిమేరల్లోని రాయదుర్గంలో నర్సు ఉద్యోగం వచ్చింది. రాయదుర్గం, మణికొండ, ఆ బండరాళ్ళ మధ్య ఉన్న చిన్న చిన్న పల్లెలు నా కింద ఉండేవి. బోరబండ నుంచి అక్కడికి నేరుగా బస్సు లేదు. కొంత దూరం బస్సు, మిగతాది సీతాఫలం పొదల మధ్య బండ్ల బాట. అందుకని వారంలో మూడు నాలుగు రోజులు రాయదుర్గంలో నాకిచ్చిన గదిలోనే ఉండిపోయేదాన్ని. ముందు వరండాలో పని, వెనక గదిలో పడక.

కాన్పులు చేయాలి, పసిపిల్లలకు టీకాలు వేయాలి. వాటన్నిటికంటే మా పైవాళ్ళు పట్టుబట్టి అడిగేది కుటుంబ నియంత్రణ సంగతి. ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, ఇద్దరో ముగ్గురో చాలమ్మా అని చెప్పాలి. కొత్తలో నాకు ఆ పని మీద నమ్మకం, ఉత్సాహం రెండూ ఉండేవి. మా అమ్మ ఏడో కాన్పులో పోయింది. చెప్పవలసిన మాటే చెప్తున్నాననుకునేదాన్ని.

మొదటి రెండేళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. 1969 చివరికి మా అత్తయ్య ఉత్తరాల్లో విశేషమేమైనా ఉందా అనే మాట మొదలైంది. తర్వాత ఉత్తరమంతా అదే మాటయింది. ఫలానా నోము పట్టు, ఫలానా వారం ఉపవాసం ఉండు, ఈ వేరు అరగదీసి పాలల్లో తాగు. అన్నీ చేశాను. నర్సునయ్యుండి ఆ వేర్లు కూడా తాగాను. పరీక్ష చేయించుకోవాలని నాకు తెలుసు. ఇద్దరూ చేయించుకోవాలనీ తెలుసు. ఆ మాట ఒకసారి మా ఆయనతో అంటే ఆయన గీస్తున్న కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. నాకేం, నేను బాగానే ఉన్నాను కదా అన్నారు. అంతటితో ఏడాదిన్నర గడిచిపోయింది.

ఆ ఏడాదిన్నరలో ఎన్ని కాన్పులు చేశానో చెప్పలేను. బొడ్డు కోసి, బిడ్డకు స్నానం చేయించి, గుడ్డలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టేదాన్ని. బిడ్డను నా చేతుల్లోంచి అందుకున్నవాళ్ళే, తొట్టెలలో వేసేనాడు నన్ను పిలిచేవారు కాదు. పిలవలేదని నొచ్చుకోవద్దని ఒక ముసలామె దారిలో ఆపి చెప్పింది. ఆమె మంచిది కాబట్టి చెప్పింది. మిగతావాళ్ళు ఆ రోజు తలుపు దగ్గరగా వేసుకునేవాళ్ళు. నేను ఆ వీధిలోంచి కాకుండా చెరువు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. సంచీలో ఎర్ర త్రికోణం, కడుపులో సన్నగా నొప్పి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఎండలో తిరగడం వల్ల అనుకునేదాన్ని.

1971 వేసవిలో ఇక ఓర్చుకోలేక పట్నంలో ఆడవాళ్ళ పెద్ద దవాఖానాకు వెళ్ళాను. రాయదుర్గం వాళ్ళకు బోరబండ వెళ్తున్నానని, మా ఆయనకు రాయదుర్గంలో పనుందని చెప్పాను. అక్కడ పొడుగాటి వరండా, వరండా నిండా ఆడవాళ్ళు. చీట్లు చూసే ఆయా గట్టిగా, కడుపుతోటున్నోళ్ళు అటు, పిల్లలు కానోళ్ళు ఇటు అని అరుస్తోంది. ఆమెలో చెడ్డతనం ఏమీ లేదు. రోజూ అరవాలి కాబట్టి అరుస్తోంది. అటువైపు వాళ్ళంతా ఒక్కసారి ఇటువైపు చూశారు. నేను కొంగు తల మీదుగా లాక్కుని ఇటువైపు బెంచీ చివర కూర్చున్నాను.

కాసేపటికి నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఓరగా చూస్తే మణికొండ మల్లమ్మ. ద్రాక్ష తోటలో కూలికి పోయే మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆమె ఇంటికి నేను రెండుసార్లు వెళ్ళాను. ఆమెకు పిల్లలు కాలేదని భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్లకు ఇద్దరు బిడ్డలు. నేను వెళ్ళింది ఆ పిల్ల కోసం. మల్లమ్మను అప్పుడు పలకరించనైనా లేదు. నేను ముఖం ఇంకా పక్కకు తిప్పుకున్నాను.

"నర్సమ్మా," అంది మల్లమ్మ, నెమ్మదిగా. "గింత దూరమొచ్చి మొఖం దాసుకుంటవేంది? నేను ఎవ్వలకూ చెప్ప."

నేను కొంగు కొంచెం వెనక్కి జరిపాను. ఆమె ఇంకేమీ అడగలేదు. తన మూటలోంచి రెండు జామకాయలు తీసి ఒకటి నా ఒళ్ళో పెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. లోపలికి ముందు ఆమెను పిలిచారు. బయటికి వచ్చాక, నా వంతు వచ్చేదాకా, ఎండ తగ్గాక పోతానని వంకపెట్టి అక్కడే కూర్చుంది. చెప్పినట్టే ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాత కూడా గురువారాలు ఆ బెంచీ మీద కలిసేవాళ్ళం. ఊళ్ళో ఎదురుపడితే మాత్రం ఆమె నన్ను ఎరగనట్టే వెళ్ళిపోయేది. నా పరువు కాపాడటానికే అలా చేస్తోందని నాకు తెలుసు. అయినా అది చూస్తే ఎందుకో ఏడుపొచ్చేది.

పరీక్షలు నెలల తరబడి సాగాయి. ఒకసారి యంత్రం పాడైంది, ఒకసారి డాక్టరమ్మ సెలవు. మీ ఆయన్ని తీసుకురమ్మని మూడుసార్లు చెప్పారు. చివరికి నిజం చెప్పి బతిమాలితే మా ఆయన వచ్చారు. ఆయనకు ఏ లోపమూ లేదని తేలింది. ఆ రోజు బస్సులో ఆయన ముఖం తేలికపడటం చూసి, నేను కిటికీ వైపు తిరిగాను.

1972 మొదట్లో నా సంగతి తేలింది. గర్భసంచికి క్షయ. నాకు ఒక్కనాడూ దగ్గు రాలేదు. క్షయ అంటే ఊపిరితిత్తులకే అనుకునేదాన్ని నేనూ. ఎప్పుడో చిన్నతనంలో పట్టి, లోపల దాక్కుని, మెల్లగా తినేసి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. పెద్దావిడ, నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి నా వైపు చూస్తూ మాట్లాడింది. మందులు వాడితే జబ్బు నయమవుతుందనీ, పిల్లల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దనీ చెప్పింది. నేను సరేనండీ అన్నాను. ఆమె ఇంకేదైనా అడుగుతావా అంది. ఇంజెక్షన్లు నేనే వేసుకోవచ్చా అని అడిగాను. అప్పుడు నాకు తోచింది అదొక్కటే.

మా ఆయన అంతా విని, లేచి వీధి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత ఒకే మాట అన్నారు.

"సుభద్రా, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. పిల్లలు లేరన్న మాట ఎలాగో మోస్తున్నాం. క్షయ అన్నది కూడా తోడైతే ఈ ఇంట్లో ఉండనివ్వరు."

ఆయన అన్నది అబద్ధం కాదు. అందుకని వాతం అని చెప్పుకున్నాం. ఇంటి యజమానురాలు రాజమ్మ పాపం, వాతానికి మంచిదని వేడి వేడి ఉలవచారు తెచ్చి ఇచ్చేది. తాగుతూ ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

రాయదుర్గం గదిలో పొద్దున్నే, ఎవరూ రాకముందే, స్టవ్వు మీద గాజు సిరంజి మరగబెట్టి, తలుపు గడియ పెట్టుకుని నా తొడకు నేనే ఇంజెక్షన్ వేసుకునేదాన్ని. ఊరి వాళ్ళకు వేసేటప్పుడు, కొంచెం ఓర్చుకో తల్లీ, అయిపోయింది అనేదాన్ని. ఆ మాట నాకు నేను చెప్పుకోబోయి, చెప్పుకోకుండానే వేసుకునేదాన్ని. కొద్ది వారాలకు చెవుల్లో కీచురాళ్ళ మోత మొదలైంది. నడుస్తుంటే నేల ఒక పక్కకు ఒరిగినట్టుండేది. వాటితో పాటు మింగవలసిన మందు పొట్లాలు ఎంత చేదంటే, మింగిన గంటకు కూడా ఆ చేదు నాలుక మీద నుంచి పోయేది కాదు. ఆదివారాలు బోరబండలో మా ఆయన పక్కన కూర్చున్నా ఆ చెవుల మోతే నాకు తోడు. ఆయన కోప్పడేవారు కాదు, విసుక్కునేవారు కాదు. మాట్లాడేవారు కాదు, అంతే.

మూడో నెలలో నేను మందులు మానేశాను. నిర్ణయించుకుని మానలేదు. ఒక పొద్దున స్టవ్వు వెలిగించబుద్ధి కాలేదు. మర్నాడూ కాలేదు. పిల్లలు పుట్టించని మందులు ఎందుకనిపించింది. గురువారం దవాఖానాకూ వెళ్ళలేదు. రెండో గురువారం కూడా పోయాక, మూడో రోజున మల్లమ్మ రాయదుర్గం వచ్చింది. ఊళ్ళో నన్ను ఎరగనట్టు నటించే మనిషి, పట్టపగలు అందరూ చూస్తుండగా వరండా ఎక్కి లోపలికి వచ్చింది. మందులు మానేశానని చెప్పాను. ఎందుకని అడిగింది. పిల్లలు కారట కదా, ఇంకెందుకు మల్లమ్మా అన్నాను.

ఆమె నా వైపు అలాగే చూసింది.

"నాకు గూడ కాలె గదా," అంది. "నేను లేనా మరి? పొద్దుగాల లేస్తున్న, తోటకు పోతున్న, బువ్వ తింటున్న. నేను లేనా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. ఆ ప్రశ్నకు కాదని చెప్పాలంటే, ఎదురుగా ఉన్న ఆ మనిషిని లేదని చెప్పాలి. నేను లేచి స్టవ్వు వెలిగించాను. నీళ్ళు మరిగేదాకా ఆమె గడప మీద కూర్చుంది. సూది నేనే వేసుకోబోతుంటే, యాడ గుచ్చాల్నో చెప్పు, నేను పట్టుకుంట అంది. వద్దన్నాను. ఆమె నా మోకాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఆ రోజు నొప్పి తెలియలేదని చెప్పను. తెలిసింది. కాని గది ఖాళీగా లేదు.

మానేసిన సంగతి డాక్టరమ్మకు చెప్తే బాగా చీవాట్లు పెట్టింది. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, మందుల గడువు మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. ఇది చదివేవాళ్ళకు నేను చేతులు జోడించి చెప్పేది ఇదొక్కటే. మధ్యలో ఆపకండి.

1973 చలికాలంలో రాయదుర్గం బడి అరుగు మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. ఇరవై మంది దాకా వచ్చారు. అయిదుగురు పిల్లల తల్లి బాలమణి ముందు వరసలో కూర్చుంది. ఆపరేషన్ మాట ఎత్తగానే ఆమె, పిల్లల విలువ నీకేం ఎరుక నర్సమ్మా, కన్నదానివైతే గదా అంది. కొందరు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ మాట నాకు కొత్త కాదు. అలాంటప్పుడు దేవుడు ఇస్తే చూద్దాంలే అని నేనూ నవ్వేసేదాన్ని. ఆ రోజు మూడున్నరకే ఒళ్ళు కాలుతోంది, చెవుల్లో మోత. ఆ అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది.

"నేను కనలేను బాలమణీ," అన్నాను. "నా గర్భసంచికి క్షయ పట్టింది. మందులు తింటున్నాను. జబ్బు పోతుంది. పిల్లలు మాత్రం పుట్టరు."

ఇద్దరు ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని లేచి వెళ్ళిపోయారు. అది అంటుకునే రకం కాదని చెప్పాను గాని అప్పటికే మెట్లు దిగారు. బాలమణి తల వంచుకుంది. నాకెరుక లేదమ్మా, నోరు జారిన అంది. ఫరవాలేదని చెప్పాను. చెప్పవలసిన మిగతా మాటలు చెప్పి సభ ముగించాను. ఎర్ర త్రికోణం సంచీ సర్దుకున్నాను.

అందరూ వెళ్ళాక సత్తెమ్మ అనే పిల్ల స్తంభం పక్కన నిలబడి ఉంది. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. నా దగ్గరికి వచ్చి ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది.

"ఆ జబ్బైతే రోజూ పొద్దూకంగ పెయ్యి గిట్ల వేడిగైతదా?" అని, ఒళ్ళు పట్టి చూడమన్నట్టు చెయ్యి చాచింది.

ఆ చెయ్యి పట్టుకుంటే నా చెయ్యిలాగే కాలుతోంది. ఆ గురువారం ఆమెను దవాఖానాకు నేనే తీసుకెళ్ళాను. ఆమెకు ఊపిరితిత్తుల్లో అదే జబ్బు ఉంది, తొలి దశలో బయటపడింది. ఆమె ఇంజెక్షన్లు నా గదిలోనే జరిగాయి. ఆ తర్వాత నెలకు ఒకరో ఇద్దరో వచ్చేవారు, చాలావరకు మధ్యాహ్నం, ఇళ్ళల్లో మగవాళ్ళు లేని వేళ. అందరికీ క్షయ లేదు. కొందరికి నెలసరి సరిగా రాదు, కొందరికి కడుపు నిలవదు. కొందరికి ఏ జబ్బూ లేదు, ఎవరితోనైనా చెప్పుకోవాలంతే. నేను పెద్దగా చేసింది లేదు. భర్తను కూడా తీసుకురమ్మని చెప్పేదాన్ని. పక్కన కూర్చునేదాన్ని.

ఇలా చెప్పానని అంతా బాగైపోయిందనుకోకండి. వారం తిరక్కుండానే మాట బోరబండ చేరింది. రాజమ్మ ఉలవచారు గిన్నె తిరిగి అడగలేదు, ఉంచుకోమంది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమంది. ఆమె కోడలికి అప్పుడు నెలలు నిండాయి, ఆమె భయం ఆమెది. సనత్‌నగర్‌లో వేరే ఇల్లు చూసుకున్నాం. మా ఆయన సామాను సర్దుతూ, నన్నొక మాట అడిగి ఉండాల్సింది అన్నారు. అడిగితే వద్దనేవారు కదా అన్నాను. ఆ తర్వాత ఇద్దరం దాదాపు రెండు నెలలు అవసరానికి మించి మాట్లాడుకోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి మనసు విప్పుతుంటే, ఇంట్లో నా మాట వినే మనిషి లేడు. నా జబ్బులో అన్నిటికంటే కష్టమైన రోజులు ఏవంటే అవే అంటాను.

1974 ఆఖరులో మందులు ఆపేయమన్నారు. డాక్టరమ్మ నా చీటీ మీద గీత గీసి, ఇక రానక్కర్లేదు, హాయిగా ఉండు అంది. బయటికి వచ్చి ఎవరికి చెప్పాలో తెలియక, వరండాలో కాసేపు నిలబడ్డాను. ఆయాకు చెప్పాను. మంచిగైంది పో అమ్మా అంది ఆమె.

మరుసటి ఏడు మా అత్తయ్య వచ్చి నెల రోజులు ఉంది. ఒక ఆదివారం మా ఆయన ఆఫీసు స్నేహితుడు, భార్యా భోజనానికి వచ్చారు. మీకెంతమంది పిల్లలండీ అని ఆవిడ మామూలుగానే అడిగింది. నేను వంటింట్లో పులుసు పోస్తున్నాను. మా అత్తయ్య నిట్టూర్చి, ఏం చెప్పమంటారండీ, మా వాడి ఖర్మ, గొడ్రాలిని కట్టుకున్నాడు అంది. నేను గరిటె కింద పెట్టాను. ముందు గదిలోకి వెళ్ళే ధైర్యం లేదు, వెనక గుమ్మం లోంచి బయటికి పోయే దారీ లేదు.

అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది. పెద్దగా అనలేదు.

"ఆ మాట అనకమ్మా. సుభద్రకు పెద్ద జబ్బు చేసింది. ఇంజెక్షన్లు తనే వేసుకుని బతికి బయటపడింది. అడిగినవాళ్ళకు అది చెప్పు."

ఆ స్నేహితుడి భార్య, మా చెల్లెలికి కూడా ఆరేళ్ళయినా లేరండీ అని మెల్లగా మొదలుపెట్టింది. నేను ఆయనకు పులుసు వడ్డిస్తే నా వైపు చూడలేదు. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. వాళ్ళమ్మతో అన్నారు. ఆ జబ్బు పేరు కూడా పలకలేదు. ఆ సాయంత్రం నేను మందులు దాచే పెట్టె కడిగి ఆరబెడుతుంటే, అది ఎందుకింకా, పప్పులు పోసుకో అన్నారు. మా ఇద్దరి మధ్య దాని గురించి నడిచిన మాటలు అంతే. నాకు ఇంకా కావాలి. కాని ఆ మాత్రం మాట కూడా లేని రోజులు నేను చూశాను.

ఇది రాస్తున్నది 1979లో. నాకు పిల్లలు లేరు, ఇక ఉండరు. ఆ దిగులు మందులతో పోయేది కాదు. కొన్ని సాయంత్రాలు బడి వదిలిన పిల్లలు గోల చేస్తూ నా వరండా ముందు నుంచి వెళ్తుంటే, లోపలికి వెళ్ళి ఏదో ఒక పని కల్పించుకుంటాను. సత్తెమ్మ బాగుంది. ఆమెకు ఇంకా కడుపు పండలేదు, ఎదురు చూస్తోంది.

క్రితం నెల ఒక కొత్త పిల్ల వచ్చింది. మధ్యతరగతి ఇంటి కోడలు, మా వైపు నుంచే వచ్చిన వాళ్ళు. వాళ్ళాయన ఇక్కడ కట్టే కొత్త భవనాల దగ్గర ఓవర్సీయరు. చుట్టుపక్కల ఒక్కళ్ళనీ ఎరగదు. గంటసేపు నా గోడ మీద బొమ్మలు చూస్తూ కూర్చుంది. లేచి వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగింది.

"మీకు ఒంటరిగా అనిపించదా అండీ?" అని అడిగింది.

"అనిపిస్తుంది," అన్నాను. "అలా అనిపించిన రోజు మణికొండలో మల్లమ్మ అని ఒకామె ఉంది, ఆమె ఇంటికి వెళ్తాను."

ఆ పిల్ల చెప్పుల్లో కాళ్ళు దూర్చి, మళ్ళీ తీసింది.

"నేను కూడా వెళ్ళవచ్చా?" అంది.

బండ్ల బాట దిగి, ద్రాక్ష తోట కంచె పక్కగా నడిచి, మొదటి ఇంట్లో కాకుండా దాని వెనక ఉన్న చిన్న గుడిసె దగ్గర పిలవమని చెప్పాను. సాయంత్రం నాలుగు దాటాక అయితే ఆమె తోట నుంచి వచ్చేస్తుందని కూడా చెప్పాను.